స్లాబ్ కింద జాకీలు ఎన్ని రోజులు ఉంచాలి? పోర్ కార్డ్ మీద సంతకం పెట్టమంటా ఉండారు

కరకంబాడి_సివిల్

అన్నలూ అక్కలూ నమస్తే. తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు ఒక అపార్ట్‌మెంట్ సైట్లో సైట్ ఇంజినీర్‌గా చేస్తా ఉండాను, చేరి ఎనిమిది నెలలు అయింది. స్టిల్ట్ ప్లస్ తొమ్మిది, అంటే కింద పార్కింగ్, పైన తొమ్మిది అంతస్తులు. మా సీనియర్ పోయిన నెల వేరే సైట్‌కి పోయినాడు, ఆయన బదులు ఎవర్నీ ఇవ్వలేదు, కాబట్టి రాడ్డు చెకింగ్, సెంట్రింగ్ చెకింగ్, బలం చూసే కాంక్రీట్ క్యూబులు, లేబర్ హాజరు అన్నీ నా మీదే పడినాయి.

విషయం ఏందంటే శుక్రవారం ఆరో స్లాబ్ వేయాలంట. ఐదో స్లాబ్ వేసి ఆ రోజుకి సరిగ్గా ఎనిమిది రోజులు అవతాది, నాలుగోదానికి పదహారు. నిన్న సాయంత్రం కిందికి దిగి చూస్తే నాలుగో స్లాబ్ కింద ఒక్క జాకీ (స్లాబ్‌ని కింద నుంచి మోసే ఇనుప సపోర్ట్) కూడా లేదు, మొత్తం విప్పేసి పైకి ఎక్కించేసినారు. ఐదో స్లాబ్ కింద కూడా మూడింట ఒక వంతు జాకీలు పీకి పైన వాడుకున్నారు. కాంట్రాక్టర్‌ని అడిగితే ఫోన్‌లో ఐఎస్ 456 (కాంక్రీట్ పనికి మన దేశపు కోడ్) టేబుల్ తీసి చూపించినాడు, నాలుగో స్లాబ్‌కి పద్నాలుగు రోజులు దాటింది కద, ఐదోదానికి సగం పైన జాకీలు ఉండాయి కద, నాలుగోదాని ఏడు రోజుల క్యూబు కూడా 18 వచ్చింది, ఇంకేం కావాల అని. మాది ఎం 25 కాంక్రీట్ (28 రోజులకి క్యూబు బలం 25 రావాల), స్లాబ్ మందం 150 ఎంఎం, పెద్ద రూములు 5 మీటర్ల పైనే ఉంటాయి, సిమెంట్ పీపీసీ (ఫ్లై యాష్ కలిపింది).

ఆయన చెప్పింది వింటే కరెక్టే అనిపిస్తాది, నాకేమో మనసు ఒప్పుకోవడం లే. పైగా రేపు పోర్ కార్డ్ మీద సంతకం పెట్టమన్నారు, రాడ్డు పని ఇంకా సగం కూడా కాలేదు, సంతకం పెట్టేసి పెట్టు శుక్రవారం పొద్దున ఐదుకే పంప్ వస్తాది అప్పుడు టైం ఉండదు అంటా ఉండారు. ఉద్యోగం పోతాదేమో అని భయంగా ఉంది, నాయన రిటైర్ అయిపోయినాడు. తెలిసినోళ్లు చెప్పండి, నా అనుమానం సరైందేనా కాదా?

చంద్రగిరి అన్న

తమ్ముడూ, ముందు సంతకం సంగతి. చూడని రాడ్డుకి సంతకం పెట్టొద్దు, ఎవరు చెప్పినా సరే. నేను 26 ఏండ్లుగా సైట్లలోనే ఉండాను, తిరుపతి, చిత్తూరు, మెడ్రాసు అన్ని చోట్లా చేసినాను, సంతకం పెట్టనందుకు ఒకసారి పని పోయింది, నెల తిరక్కముందే ఇంకో చోట దొరికింది. పెట్టి ఉంటే ఏమయ్యేదో అని ఆలోచించిన రాత్రులు మాత్రం చాలా ఉండాయి.

పోర్ కార్డ్ అనేది కాంక్రీట్ పోసే ముందు చూసినాను అని రాసిచ్చే కాగితం, ముందు రోజే పెట్టేస్తే దానికి అర్థం లేదు. నువ్వు గొడవ పడబాకు, గట్టిగా అరవబాకు. సైట్‌లో ఇన్‌స్ట్రక్షన్ బుక్ ఉంటాది కద, లేకపోతే ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కొని పేజీలకి నంబర్లు వేసుకో. అందులో తేదీ, టైం వేసి, ఐదో స్లాబ్ కింద జాకీలు తీసినారు, నాలుగో స్లాబ్ కింద సపోర్ట్ లేదు, స్ట్రక్చరల్ కన్సల్టెంట్ చెప్పేదాకా ఆరో స్లాబ్ వేయకూడదు అని రాయి. ఆ పేజీ ఫోటో తీసి కన్సల్టెంట్‌కి, మీ మేనేజర్‌కి, బిల్డర్‌కి ఒకేసారి వాట్సాప్ పెట్టు. మాట గాల్లో పోతాది, రాసింది నిలబడతాది. రాసినాక చాలామంది వాళ్లంతట వాళ్లే సర్దుకుంటారు, నేను చూసినాను.

రాడ్డు చెకింగ్‌కి శుక్రవారం పొద్దున అనకుండా గురువారం మధ్యాహ్నం మూడుకే పని ఆపించి, డ్రాయింగ్ చేతిలో పెట్టుకొని ఒక్కడివే తిరుగు. లెక్క పెట్టడం మొదలుపెట్టే ముందు బాల్కనీల దగ్గరికి పో. బాల్కనీకి మెయిన్ రాడ్డు పైన ఉంటాది, మనోళ్లు దాని మీద నడిచి నడిచి కిందికి తొక్కేస్తారు, చైర్లు (పై రాడ్డుని ఎత్తి పట్టే రాడ్డు ముక్కలు) తక్కువ పెట్టి ఉంటారు. పై రాడ్డు కిందికి దిగిందంటే ఆ బాల్కనీ మొత్తం ఉత్త కాంక్రీట్ పలకే, సెంట్రింగ్ విప్పిన రోజే విరిగినవి ఉండాయి. తర్వాత స్తంభాలు, బీములు కలిసే చోట రింగులు. అక్కడ దూర్చడం కష్టం అని రాడ్ బెండింగ్ వాళ్లు వదిలేస్తారు, ఉన్నా హుక్కు 90 డిగ్రీలకే వంచి ఉంటారు, 135 ఉండాల, లోపలికి తిరిగి ఉండాల. కవర్ బ్లాకులు (రాడ్డుకీ బయటి అంచుకీ మధ్య సందు ఉంచేవి) స్లాబ్‌కి 20, స్తంభానికి 40 ఎంఎం, రాయి ముక్కలు పెడితే పీకించేయ్. మిగతాది డ్రాయింగ్ చూస్తే నీకే తెలుస్తాది.

కాంక్రీట్ వచ్చినప్పుడు చలాన్ మీద బ్యాచింగ్ టైం (ప్లాంట్‌లో కలిపిన టైం) చూడు, లోడ్ చేసినప్పటి నుంచి రెండు గంటల్లో దించేయాల. బ్రహ్మోత్సవాలప్పుడు గరుడ సేవ రోజు మాకు మూడు బండ్లు ట్రాఫిక్‌లో నిలిచిపోయినాయి, వచ్చేసరికి గట్టిపడిపోతా ఉంది, డ్రైవర్ నీళ్లు కలిపి పోద్దాం అన్నాడు, మూడూ వెనక్కి పంపించినాము. ఆ రోజు బిల్డర్ నన్ను తిట్టినాడు, పర్వాలేదు. పంప్ దగ్గర నీళ్ల పైపు కనపడిందంటే అక్కడ ఒక మనిషిని నిలబెట్టు.

ఇంకొక్క మాట, ఇది స్లాబ్ గురించి కాదు. లిఫ్ట్ గుంతల మీద ఉత్త ప్లైవుడ్ షీట్ వేసి వదిలేస్తారు, మనిషి అడుగు వేస్తే జరిగిపోతాది. నేను చేసిన ఒక సైట్లో అట్లనే ఒక పిల్లోడు పోయినాడు, పందొమ్మిదేండ్లు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినాడు. వాళ్ల నాయన వచ్చి ఆ గుంత దగ్గరే కూర్చున్నాడు, ఎవరం ఆయన మొహం చూడలేకపోయినాము. నువ్వు రోజూ పొద్దున పని మొదలయ్యే ముందు ఒక రౌండ్ వేసి ప్రతి గుంతకీ, ప్రతి స్లాబ్ అంచుకీ అడ్డం కట్టి ఉందా లేదా చూడు, పావుగంట పని.

పద్మావతీపురం_స్ట్రక్చర్స్

తమ్ముడూ నీ అనుమానం నూటికి నూరు పాళ్లు సరైందే. నేను స్ట్రక్చరల్ డిజైన్ చేస్తాను, కాబట్టి లెక్కలోనే చెప్తాను, ఈ లెక్క కాంట్రాక్టర్‌కి కూడా చూపించు.

ఐఎస్ 456 లో ఆ టేబుల్ ఉన్నమాట నిజమే. స్లాబ్ 4.5 మీటర్ల వరకు ఉంటే ప్రాప్స్, అంటే జాకీలు, 7 రోజులు, దాటితే 14 రోజులు, బీములకు 6 మీటర్ల వరకు 14, ఆపైన 21. కానీ ఆ రోజులు మామూలు ఓపీసీ సిమెంట్‌కి చెప్పినవి, పీపీసీకి బలం నిదానంగా వస్తుంది కాబట్టి ఇంకా పెంచుకోవాలి. మీ ఐదో స్లాబ్ వయసు ఎనిమిది రోజులే, పెద్ద రూములు 5 మీటర్ల పైన అంటున్నావు, కాబట్టి అక్కడ ఒక్క జాకీ తీసినా ఆ టేబుల్ ప్రకారమే తప్పు. ఆయన చూపించిన టేబులే ఆయనకి వ్యతిరేకంగా ఉంది.

అసలు సంగతి నాలుగో స్లాబ్ దగ్గరుంది. అది పద్నాలుగు రోజులు దాటింది, తన బరువు తాను మోసుకుంటుంది, ఒప్పుకుందాం. ఇప్పుడు ఆరో స్లాబ్ పోస్తే ఆ పచ్చి కాంక్రీట్ బరువు ఎక్కడికి పోతుంది? జాకీల గుండా ఐదో స్లాబ్ మీదకి, దాని కింద మిగిలిన జాకీల గుండా నాలుగోదాని మీదకి దిగుతుంది, నాలుగోదాని కింద ఏమీ లేదు. 150 ఎంఎం స్లాబ్ అంటే చదరపు మీటరుకి దగ్గర దగ్గర 375 కేజీలు, బీముల బరువు వేరే. దాని మీద షీట్లు, పైపులు, మనుషులు, పంప్ దగ్గర కుప్పగా పడిన కాంక్రీట్ అన్నీ కలిపితే ఇంకో 200 అనుకో. ఇండ్లకు మేము డిజైన్ చేసేది లైవ్ లోడ్ (మనుషులు, సామాను బరువు) 200 కేజీలు, టైల్స్, ప్లాస్టరింగ్‌కి ఇంకో 100, 150. అంటే ఆ స్లాబ్ జీవితాంతం మోయాల్సిన పై బరువు 350 అయితే, ఎనిమిది రోజుల పసి వయసులో, జాకీలు పీకిన చోట, దాని మీద 575 పెడుతున్నారు. పూర్తి బలం వచ్చిన స్లాబ్‌కే అది ఎక్కువ, మీదేమో ఇంకా మూడింట రెండు వంతుల బలంలో ఉంది.

అందుకే అంతస్తులు వరుసగా లేచే చోట ఒక్క అంతస్తు జాకీలు చాలవు. ఐదో స్లాబ్ కింద మొత్తం ఉండాలి, నాలుగో స్లాబ్ కింద కూడా మళ్లీ సపోర్ట్ పెట్టాలి, చాలా సైట్లలో మూడో దాని కింద కూడా ఉంచుతారు, అప్పుడు ఆ బరువుని రెండు మూడు స్లాబులు కలిసి పంచుకుంటాయి. ఎన్ని అంతస్తులు, ఎంత దూరంలో అనేది మీ కన్సల్టెంట్ లెక్క కట్టి కాగితం మీద ఇవ్వాలి, సైట్‌లో నోటితో తేల్చుకునేది కాదు. పెట్టేటప్పుడు పై జాకీకి సరిగ్గా కిందనే కింది జాకీ రావాలి, పక్కకి జరిగితే మధ్యలో స్లాబ్‌ని పొడిచినట్టు అవుతుంది. మరీ బిగించి స్లాబ్‌ని పైకి లేపకూడదు, తగిలేలా ఉంటే చాలు.

ఇది పుస్తకాల్లో భయపెట్టడానికి రాసింది కాదు. 1973 మార్చి 2న అమెరికాలో వర్జీనియాలో స్కైలైన్ ప్లాజా అనే బిల్డింగ్‌లో 24వ అంతస్తు కాంక్రీట్ పోస్తుంటే, 23వ అంతస్తు స్లాబ్ కింద సపోర్టులు ముందే తీసేసి ఉన్నారు, స్తంభాల దగ్గర స్లాబ్ చీరుకుని కిందికి దిగింది, కిందున్న అంతస్తులన్నీ వరుసగా నేల దాకా కూలిపోయాయి. 14 మంది పనివాళ్లు చనిపోయారు. మన పక్కన చెన్నై మౌలివాక్కంలో 2014 జూన్ 28న కడుతున్న 11 అంతస్తుల బిల్డింగ్ కూలి 61 మంది పోయారు, అందులో మన ఉత్తరాంధ్ర కూలీలు చాలామంది. అక్కడ తప్పు వేరే, డిజైన్‌లోనే లోపాలు ఉన్నట్టు తేలింది, కానీ రెండు చోట్లా కింద నలిగిపోయింది పనికి వచ్చినవాళ్లే.

క్యూబు సంగతి కూడా చెప్తాను. 18 వచ్చింది అన్నావు, ఎం 25 కి ఏడు రోజులకి అది బాగానే ఉన్నట్టే. కానీ ఆ క్యూబు ల్యాబ్ తొట్టిలో 27 డిగ్రీల నీళ్లలో మునిగి పెరిగింది. మీ స్లాబ్ ఈ రోహిణి కార్తె ఎండలో పెరిగింది, గట్లు కట్టి నీళ్లు నిలిపారా, లేక పైపుతో రెండు పూటలు చల్లి వదిలేశారా? అందుకే జాకీలు తీయడానికి వేరే క్యూబులు తీసి స్లాబ్ మీదే, అదే ఎండలో, అదే నీళ్లతో పెట్టుకోవాలి, అవి పగలగొట్టి చూసి నిర్ణయించాలి. క్యూబులు నీ కళ్ల ముందే, బండి మధ్యలో నుంచి తీసిన కాంక్రీట్‌తో, మూడు పొరలుగా పొరకి 35 పోట్లు వేసి చేయించు, పైన పచ్చిగా ఉన్నప్పుడే తేదీ, స్లాబ్ నంబర్, నీ సంతకం గీసేయ్. క్యూబులకి మాత్రం సిమెంట్ ఎక్కువ కలిపి విడిగా చేసే చోట్లు నాకు తెలుసు.

పుత్తూరు సెంట్రింగ్

నేను సెంట్రింగ్ మేస్త్రీని, నా కొడుకు టైప్ చేస్తా ఉండాడు. ఇంజినీర్ సారూ, మామీద కోపం పెట్టుకోవద్దు, మా కష్టం కూడా వినండి. జాకీలు, షీట్లు అద్దెకి తెస్తాము, రోజుకింత అని పడతాది. మాకు డబ్బులు ఇచ్చేది అడుగు లెక్కన, స్లాబ్ పడితేనే బిల్లు. రెండు అంతస్తులకి సరిపడా సామాను మాత్రమే ఇచ్చి మూడో స్లాబ్ ఎనిమిది రోజుల్లో వేయమంటే మేము ఎక్కడి నుంచి తేవాల? కింద పీకాల్సిందే. ఆ పీకేటప్పుడు కింద నిలబడేది కూడా మా పిల్లోళ్లే.

అందుకే మీరు మామీద అరిచేదానికంటే సామాను ఎంత ఉంది అని ముందే లెక్క వేసి బిల్డర్‌ని అడగండి. మూడు సెట్లు జాకీలు ఉంటే మేమెందుకు పీకుతాము. షీట్లు తీసుకోనీండి, జాకీలు ఉంచండి, అట్ల చేసే పద్ధతి ఉంది, స్లాబ్ మధ్యలో వరుసగా పట్టీలు, వాటి కింద జాకీలు ముందే విడిగా కడతాము, చుట్టూ షీట్లు విప్పినా అవి కదలవు. ఇంకోటి, విప్పేటప్పుడు రూము మధ్యలో నుంచి గోడల వైపుకి రావాల, బాల్కనీకి అయితే కొస నుంచి లోపలికి. కొత్త పిల్లోళ్లకి ఇది తెలీక ఎక్కడ అందితే అక్కడ కొడతారు, ఆ రోజు మీరు దగ్గరుండండి.

మంగళం_వాసి

మేము ఇట్లాంటి బిల్డింగ్‌లోనే ఏడో ఫ్లోర్‌లో ఫ్లాట్ బుక్ చేసుకున్నాము, ఇది చదివినాక నిద్ర పట్టడం లేదు. కొనేవాళ్లు ఈ క్యూబు రిపోర్టులు, పోర్ కార్డులు అడగొచ్చా?

చంద్రగిరి అన్న

అడగండమ్మా, తప్పేం లేదు. మీ ఫ్లోర్ స్లాబ్ వేసిన తేదీ, దాని 28 రోజుల క్యూబు రిపోర్టు, ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌దా కాదా చూడండి. సక్రమంగా కట్టేవాళ్లు ఫైల్ తీసి చూపిస్తారు.

సెంట్రింగ్ అన్న చెప్పింది చాలా నిజం తమ్ముడూ, సామాను లెక్క మొదటి స్లాబ్‌కి ముందే అడగాల్సింది. ఇప్పుడైనా అడుగు.

కరకంబాడి_సివిల్

అందరికీ చాలా థ్యాంక్స్. అక్క చెప్పిన లెక్క కాగితం మీద వేసుకొని కాంట్రాక్టర్ దగ్గరికి కాకుండా ముందు మేస్త్రీ దగ్గరికి పోయినాను. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు, ఇంకో 240 జాకీలు ఉంటే నేను ఈ రోజే కొడతాను సార్ అన్నాడు. తర్వాత బుక్‌లో రాసి ఫోటో పంపించినాను. గంట సేపు ఎవరూ మాట్లాడలేదు, ఆ గంట నాకు చేతులు వణికినాయి. తర్వాత కన్సల్టెంట్ సార్ ఫోన్ చేసినాడు, నాలుగు, మూడు, ఈ రెండు స్లాబుల కిందా మళ్లీ సపోర్ట్ పెట్టి, తాను వచ్చి చూసినాకనే పోయండి అని బిల్డర్‌కే నేరుగా చెప్పినాడంట. స్లాబ్ బుధవారానికి మార్చినారు. కాంట్రాక్టర్ నాతో మాట్లాడటం లే.

పోర్ కార్డ్ ఇంకా ఖాళీగానే నా బ్యాగ్‌లో ఉంది. ఇప్పుడే బాల్కనీలు చూసి వచ్చినాను, పదకొండింటిలో నాలుగింట్లో పై రాడ్డు కిందికి దిగిపోయి ఉంది, రేపు చైర్లు పెట్టిస్తాను. ఒక్క డౌట్ మిగిలింది అక్కా, మూడో స్లాబ్ కింద ఆల్రెడీ ఇటుక గోడలు కట్టేసినారు, జాకీలు పైవాటికి సరిగ్గా కింద రావాలంటే రెండు చోట్ల గోడ అడ్డం వస్తా ఉంది, అక్కడ ఏం చేయాల?

పద్మావతీపురం_స్ట్రక్చర్స్

గోడ మీద ఆనుకోనివ్వొద్దు, కొత్త ఇటుక గోడ ఆ బరువుకి పనికిరాదు. గోడకి రెండు వైపులా జాకీలు పెట్టి మధ్యలో అడ్డంగా స్టీల్ ఛానల్ వేయొచ్చు, కానీ సైజు మీ కన్సల్టెంట్‌ని అడిగే వేయించు. ఆ రెండు చోట్లా ఫోటో తీసి, ప్లాన్ మీద గుర్తు పెట్టి ఈ రాత్రికే ఆయనకి పంపించేయ్, బుధవారం దాకా ఆగొద్దు.