రొయ్యల షెడ్డు చేతులకు వాజిలిన్ చాలదా?

కావలి అమ్మాయి:
మా అమ్మ రొయ్యలు ఒలిచే షెడ్డులో పని చేస్తుంది. రోజంతా ఐసు నీళ్లలోనే చేతులు. వేళ్ల సందులు చీలిపోయాయి, పులుసుకి చింతపండు పిసికితే ప్రాణం పోతోందంటుంది. మందుల షాపాయన సెరమైడ్ క్రీము రాయమన్నాడు. ధర విని అమ్మ, "ఆ డబ్బు పెడితే వారం పాలొస్తాయి" అని వచ్చేసింది. వాజిలిన్ చాలని నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

ఒంగోలు అక్క:
నేను కాదంటాను. చర్మం పైపొర ఇటుక గోడ లాంటిది. కణాలు ఇటుకలు, మధ్యలో కొవ్వు సున్నం. ఆ కొవ్వులో దాదాపు సగం సెరమైడ్లే. సబ్బూ నీళ్లూ పాడుచేసేది దాన్నే. వాజిలిన్ అంటే గోడ మీద పరదా కప్పడం. సున్నం ఎవరు పెడతారు మరి?

కావలి అమ్మాయి:
చర్మమే పెట్టుకుంటుంది అక్కా! కింది కణాలు ఆ కొవ్వుని తయారు చేస్తూనే ఉంటాయి, తేమ పోకుండా ఆపితే చాలు. ఆ పనిలో వాజిలిన్‌ను మించింది లేదు. పైగా అది పైనే ఉండిపోదు, పొరల సందుల్లోకి దిగుతుందని 1992లోనే చూపించారు. సెరమైడ్ ఒక్కటే ఉంటే లాభం లేదు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కూడా కలవాలి. మీ ట్యూబు వెనక ఆ మూడూ ఉన్నాయా?

ఒంగోలు అక్క:
చూశాను. రెండే ఉన్నాయి. సరే, ఈ మాట నీదే.

చీమకుర్తి:
నయాసినమైడ్ ఎవరూ ఎత్తలేదేం? బి3 విటమిన్, సెరమైడ్ల తయారీనే పెంచుతుంది. మాది గ్రానైటు పాలిషింగ్, నాకు పనిచేసింది.

కావలి అమ్మాయి:
దానికి వారాలు పడుతుంది అన్నా. చీలిన చోట మండినా మండుతుంది. కొబ్బరినూనె గురించి ఇంకెవరైనా అడిగేలోపే చెబుతున్నా, రాశాం, వేళ్లు జారి రొయ్య పట్టు దొరకలేదట.

నెల్లూరు నర్సు:
అసలు సంగతి ఎవరూ అడగలేదు. అమ్మ గ్లౌజులు వేసుకుంటుందా? రబ్బరు లేటెక్స్‌వైతే వాజిలిన్ వాటిని బలహీనం చేస్తుంది, చిరుగుతాయి. అది రాత్రి పడుకునే ముందు, చేతులు తడిగా ఉండగానే రాయమను. నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు‌వైతే ఆ ఇబ్బంది లేదు. చీము కనిపిస్తే మాత్రం ఈ వాదన ఆపి డాక్టరుకి చూపించండి.

కావలి అమ్మాయి:
పొద్దున వాజిలిన్ పూసి గ్లౌజులు తొడిగి పంపిస్తోంది నేనే. రెండు రోజులకో జత చిరుగుతోందని అమ్మ షెడ్డువాళ్లని తిడుతోంది.