అప్‌డేట్: ఏటా చందా కట్టే డాక్టర్లకు సంఘంలో ఓటు

ముందు అడిగింది ఇదీ: నెల్లూరులో ఒక వైద్యుల సంఘం శాఖ, జీవిత సభ్యులు కారన్న కారణంతో ఏటా చందా కట్టే డాక్టర్ల పేర్లు ఓటర్ల జాబితాలోంచి తీసేయొచ్చా?

కుదరదని తేలింది. సంఘం సొసైటీగా రిజిస్టరయింది కనుక బైలాల (సంఘం నియమావళి) సర్టిఫైడ్ కాపీ జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో దొరికింది. సంఘం ఇచ్చే పాత పుస్తకాన్ని నమ్ముకోవద్దు, తర్వాతి సవరణలు అందులో లేవు. కాపీ ప్రకారం ఓటు లేనిది అసోసియేట్ సభ్యులకే. వార్షిక సభ్యుల ఓటు తీసేసింది కేవలం కార్యవర్గ తీర్మానం. బైలా మార్చాలంటే సర్వసభ్య సమావేశం ఒప్పుకోవాలి, ఆ సవరణ రిజిస్ట్రార్ దగ్గర దాఖలవ్వాలి. రెండూ జరగలేదు.

అభ్యంతర పత్రంలో బైలా నిబంధన సంఖ్య రాసి, చందా రసీదు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాపీ జతచేసి, అందినట్టు సంతకం, తేదీ తీసుకోవాలి. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ వైద్యం చేయడానికి అర్హత, అదొక్కటే చూపిస్తే సంఘంలో ఓటు రాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

కొన్ని పేర్లు వేరే కారణాలతో పోయాయి: పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన మహిళా డాక్టర్లు, ఒంగోలు నుంచి బదిలీ పత్రం లేకుండా వచ్చినవాళ్లు, గడువు దాటాక రసీదు పడినవాళ్లు. మొదటి రెండూ ఒక్క కాగితంతో సరిపోతాయి. మూడోది కష్టం.

పేర్లు తిరిగి చేరాయి. ఒప్పుకోకపోయుంటే 2001 నాటి ఏపీ సొసైటీల చట్టం 23వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికో, జిల్లా కోర్టుకో వెళ్లొచ్చు. పోలింగ్‌కు ముందే వెళ్లాలి. అసోసియేట్ సభ్యులైన పీజీ విద్యార్థి డాక్టర్లకు ఓటు మాత్రం బైలా సవరిస్తే తప్ప రాదు. ఆ ప్రతిపాదనపై కావలి, కందుకూరు సభ్యుల సంతకాలు సేకరిస్తున్నాం.