అమ్మానాన్నలు వస్తున్నారు, సింగపూర్‌లో ఏ ఏరియాలో ఇల్లు చూడాలి?

కొత్తగా వచ్చినవాడు:
అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద వచ్చి మూడు నెలలైంది, ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. జనవరిలో మా ఆవిడ, నాలుగేళ్ల పాప, అమ్మానాన్నలు విజయవాడ నుంచి వస్తున్నారు. నాన్నగారికి 71, మోకాళ్ల నొప్పులు. అమ్మకు షుగర్, రోజూ నడవాలి. ఆఫీసు రాఫిల్స్ ప్లేస్‌లో. జురాంగ్, సెంగ్‌కాంగ్, ఉడ్‌ల్యాండ్స్, ఈ మూడింట్లో పెద్దవాళ్లకు ఏది బాగుంటుంది?

టాంపినీస్ నుంచి, 14 ఏళ్లుగా:
ఏరియా సంగతి తర్వాత బాబూ, ముందు పాస్ సంగతి చూసుకో. తల్లిదండ్రులు ఎక్కువకాలం ఉండేందుకు లాంగ్ టర్మ్ విజిట్ పాస్ కావాలంటే నీ ఫిక్స్‌డ్ జీతం నెలకు కనీసం 12,000 సింగపూర్ డాలర్లు ఉండాలి. బోనస్ లెక్కలోకి రాదు. రెండోది ఇన్సూరెన్స్. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడిషీల్డ్ లైఫ్ సిటిజన్లకూ, పీఆర్‌లకే (శాశ్వత నివాసులకే). పాస్ మీద ఉన్నవాళ్లకు ఆసుపత్రిలో సబ్సిడీ ఉండదు. షుగర్ ముందే ఉంది కాబట్టి పాలసీ కాగితంలో దాని గురించి ఏం రాశారో ఒక్కో లైనూ చదువు. మా అత్తగారిని ఒక్క రాత్రి అడ్మిట్ చేస్తే వచ్చిన బిల్లు చూసి నాకు నెల రోజులు నిద్ర పట్టలేదు.

ఉడ్‌ల్యాండ్స్ అక్క:
ఆయన చెప్పింది నిజమే కానీ తమ్ముడు అడిగింది ఇల్లు గురించి. నేను ఉడ్‌ల్యాండ్సే అంటాను. ఇక్కడి అడ్మిరల్టీ ఎంఆర్‌టీ (మెట్రో రైలు) స్టేషన్ పక్కనే కంపుంగ్ అడ్మిరల్టీ ఉంది. కంపుంగ్ అంటే మలయ్‌లో ఊరు. ఒక ఊరిని నిలువుగా పేర్చినట్టు కట్టారు. కింద అందరూ కూర్చునే పెద్ద ఆవరణ, పైన తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్, దాని మీద మెడికల్ సెంటర్. ఆ పైన పిల్లల చైల్డ్‌కేర్, పెద్దవాళ్ల సెంటర్ పక్కపక్కనే. మిద్దె మీద తోట. 55 దాటిన సిటిజన్ల కోసం 104 చిన్న ఫ్లాట్లు. 2018లో ప్రపంచ స్థాయి ఆర్కిటెక్చర్ అవార్డు కూడా వచ్చింది.

ఆ ఫ్లాట్లు మనకు రావు. కానీ కింది ఆవరణకు, తోటకు ఎవరైనా వెళ్లొచ్చు. మా అమ్మ ఉన్న ఏడు నెలలూ సాయంత్రం అక్కడే. ఒక చైనీస్ అవ్వ రోజూ పక్కన కూర్చునేది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ కమలాపండు ఒలిచి సగం అమ్మ చేతిలో పెట్టేది, అమ్మ చేగోడీలు పట్టుకెళ్లేది. ఇండియా వెళ్లాక కూడా ఫోన్‌లో మొదటి మాట, “ఆ అవ్వ కనపడుతోందా?”

రాఫిల్స్ ప్లేస్‌కు రైలు మారక్కర్లేదు. ముప్పావు గంట అవుతుంది, అంతే.

జురాంగ్ అన్న:
ఏరియా పేరు చూసి ఇల్లు తీసుకోవద్దండీ. మా కథ చెబుతాను.

2010లో మా నాన్నగారు వస్తున్నారని ఒక పాత హెచ్‌డీబీ (ప్రభుత్వం కట్టిన ఇళ్ల) బ్లాకులో ఫ్లాట్ మాట్లాడాను. ఏడో అంతస్తు. ఫోన్‌లోనే “లిఫ్ట్ ఉందా?” అని అడిగితే ఏజెంట్ ఉంది అన్నాడు. లిఫ్ట్ ఉన్నమాట నిజమే. కానీ అది 1, 5, 9 అంతస్తుల్లోనే ఆగుతుంది. అప్పట్లో పాత బ్లాకులు చాలావరకు అలాగే కట్టారు. 2001 నుంచి ప్రభుత్వం ఒక్కో బ్లాకుకూ లిఫ్టులు మారుస్తూ వచ్చింది, మా బ్లాకు వంతు ఇంకా రాలేదు. నేను చూడ్డానికి వెళ్లినప్పుడు అయిదులో దిగి గబగబా ఎక్కేశాను, పట్టించుకోలేదు.

నాన్నగారికి మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టం. ఇంటికొచ్చేటప్పుడు అయిదులో దిగి రెండంతస్తులు ఎక్కేవారు. బయటికెళ్లాలంటే ఏడు నుంచి తొమ్మిదికి ఎక్కి, అక్కడ లిఫ్ట్ పట్టుకుని కిందికి. అంటే పోయినా ఎక్కుడే, వచ్చినా ఎక్కుడే. ప్రతి మలుపు దగ్గరా గోడకు చెయ్యి ఆనించి ఆగేవారు. ఆ మలుపుల్లో గోడ రంగు మీద ఆయన అరచేతి మరక పడింది. పదిహేను రోజులకు “నాకు బయట పనేముందిరా” అని కిందికి దిగడమే మానేశారు. ఊళ్లో పొద్దున్నే చెరువుగట్టు చుట్టి వచ్చే మనిషి. ఆ మరక తలుచుకుంటే ఇప్పటికీ నాకు తప్పు చేసినట్టే ఉంటుంది.

ఇల్లు మారతానంటే ఓనర్ రెండేళ్ల అగ్రిమెంట్ చూపించి, రెండు నెలల డిపాజిట్ ఉంచేసుకున్నాడు.

టాంపినీస్ నుంచి, 14 ఏళ్లుగా:
డిప్లొమాటిక్ క్లాజ్ వాడుకోవాల్సింది కదా? ఏడాది తర్వాత రెండు నెలల నోటీసిస్తే డిపాజిట్ తిరిగి ఇవ్వాల్సిందే.

జురాంగ్ అన్న:
అది దేశం వదిలి వెళ్లేవాళ్లకండీ. నాన్నగారి మోకాళ్లకు వర్తించదు. పైగా మాకు ఏడాది కూడా నిండలేదు.

టాంపినీస్ నుంచి, 14 ఏళ్లుగా:
అగ్రిమెంట్‌లో ఎలా రాసుకుంటే అలా. సంతకానికి ముందే “పెద్దవాళ్ల ఆరోగ్యం బాగోకపోతే” అనే మాట చేర్పించుకోవాలి.

జురాంగ్ అన్న:
ఏ ఓనర్ ఒప్పుకుంటాడండీ? పదహారేళ్లలో ఒక్కణ్ని చూడలేదు.

సెంగ్‌కాంగ్ నుంచి, పీఆర్:
ఇద్దరూ ఆగండి, పాపం ఆయన ఇల్లు వెతుక్కోవాలి.

సెంగ్‌కాంగ్ కొత్త టౌన్ కాబట్టి లిఫ్ట్ ప్రతి అంతస్తులోనూ ఆగుతుంది. రైలెక్కితే ఫారర్ పార్క్ వరకూ మారక్కర్లేదు, అక్కణ్నుంచి పెరుమాళ్ గుడికి నడక. గుడికి ఒంటరిగా వెళ్లిరాగలిగితే పెద్దవాళ్లకు సగం బెంగ తీరుతుంది.

ఇంకోటి. 2030 నాటికి ఇక్కడి సిటిజన్లలో నలుగురిలో ఒకరికి 65 దాటుతాయి. అందుకే ఊరినంతా వాళ్లకు తగ్గట్టు సర్దుతున్నారు. స్టేషన్ల నుంచి పైకప్పున్న నడకదారులు, మెట్లు లేని బస్సులు, సిల్వర్ జోన్ అని బళ్లు నెమ్మదిగా వెళ్లే వీధులు. ఇవి అందరివీ. కార్డు ఉంటేనే వచ్చేవి వేరు. సిగ్నల్ స్తంభం మీద పెద్దవాళ్లు కార్డు ఆనిస్తే ఆకుపచ్చ మనిషి 3 నుంచి 13 సెకన్లు ఎక్కువసేపు ఉంటాడు. ఆ కార్డు 60 దాటిన సిటిజన్లకూ పీఆర్‌లకే. మీ నాన్నగారికి రాదు. కాబట్టి పెద్ద రోడ్డు దాటకుండా కూరగాయలకూ పార్కుకూ వెళ్లగలిగే బ్లాకు చూడండి.

ఉడ్‌ల్యాండ్స్ అక్క:
సెంగ్‌కాంగ్‌లో అద్దెలు కూడా చెప్పండి మరి.

జురాంగ్ అన్న:
ఎక్కడైనా సరే, సంతకానికి ముందు ఒక పని చెయ్యండి. ఫ్లాట్ తలుపు దగ్గర మొదలుపెట్టి మీ నాన్నగారి నడకతో మార్కెట్ దాకా నడవండి. మీ నడకతో కాదు. దారిలో కూర్చోడానికి బెంచీ ఎక్కడుందో, మెట్లు ఎన్నున్నాయో రాసుకోండి. ఎండవేళ ఒకసారి, వానలో ఒకసారి. పాపను కూడా ఆ దారిలోనే వాళ్లు స్కూలుకు తీసుకెళ్తారు. బాత్రూమ్‌లో పట్టుకోడానికి కడ్డీ పెట్టుకోవచ్చా అని ఓనర్‌ను అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి.

కొత్తగా వచ్చినవాడు:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న అడ్మిరల్టీలో ఒకటి, సెంగ్‌కాంగ్‌లో ఒకటి చూశాను. అన్న చెప్పినట్టే మెల్లగా నడిచాను. సెంగ్‌కాంగ్‌ది మార్కెట్‌కు 22 నిమిషాలు, దారిలో ఓవర్‌బ్రిడ్జి. అడ్మిరల్టీది 9 నిమిషాలు, ఒక్క మెట్టూ లేదు, మధ్యలో రెండు బెంచీలు. దానికే అడ్వాన్స్ ఇస్తున్నాను. అమ్మకు వీడియోలో చూపిస్తే ఒకటే అడిగింది, కారిడార్‌లో తులసికోట పెట్టుకోనిస్తారా అని.

ఉడ్‌ల్యాండ్స్ అక్క:
కోట వద్దు తమ్ముడూ, కుండీ పెట్టుకోమను. నడవడానికి 1.2 మీటర్ల దారి వదలాలి. కుండీ కింద ప్లేటులో నీళ్లు నిలవనివ్వొద్దు, దోమల తనిఖీవాళ్లు వస్తే ముందు చూసేది అదే. మా ఇంట్లో తులసి గుబురుగా ఉంది, వచ్చి ఒక మొక్క పట్టుకెళ్లు.