స్విట్జర్లాండ్‌ల ఇంటోళ్లే నడిపే బేకరీ లోపలికి పోయి చూడాలంటే ఎట్ల?

పాలమూరు బేకరీ:
అందరికి నమస్తే. మాది మహబూబ్‌నగర్, గడియారం దగ్గర చిన్న బేకరీ, మా నాయిన పెట్టిండు, ఇప్పుడు నేను చూస్కుంటున్న. బిడ్డ, అల్లుడు స్విట్జర్లాండ్‌ల వింటర్‌తూర్ అనే ఊర్ల ఉంటరు, ఈ డిసెంబర్ల రమ్మన్నరు, పదిహేను రోజులు. అందరు మంచు కొండలు చూడున్రి అంటున్నరు గని నాకైతే తాతల కాలం నుంచి ఒకే ఇంటోళ్లు నడిపే బేకరీ ఒక్కటి లోపలికి పోయి చూడాలని ఉంది, భట్టి ఎట్లుంటది, పిండి ఎట్ల కలుపుతరు, రాత్రి ఎన్నింటికి లేస్తరు, అన్నీ. మా నాయిన ఇప్పటికీ బన్ను ట్రే బయటికి రాంగనే ఒకదాన్ని బొటనవేలుతోని మెల్లగ ఒత్తి చూస్తడు, నొక్కింది మళ్ల పైకి లేస్తెనే కౌంటర్ మీద పెట్టనిస్తడు. ఆయనకు అంత దూరం ప్రయాణం కాదు, నేనే చూసొచ్చి చెప్పాలె.

లోపలికి రానిస్తరా, ఏ రోజు పోవాలె, ఏం తినాలె? మా ఇంటామె గుడ్డు తినది, నేను మందు ముట్ట. ఇంకోటి, మా పిలగాడు బీటెక్ చేసిండు, బేకరీ నాతోని కాదు అంటున్నడు, అక్కడి పిల్లలు ఈ పనిలకు ఎట్ల వస్తున్నరో కూడ తెల్సుకోవాలని ఉంది.

నకిరేకల్ తమ్ముడు, జ్యూరిచ్:
అన్నా శనివారం పొద్దుగాల పో. ఆదివారం ఇక్కడ దుకాణాలు బంద్, కొన్ని బేకరీలు పొద్దున తీసి మధ్యాహ్నానికే మూస్తయి, సోమవారం సెలవు పెట్టేటోళ్లు కూడ ఉంటరు. మా అమ్మానాన్న వచ్చినప్పుడు నేను టైం చూస్కోక సోమవారం తీస్కపోయిన, మూసిన తలుపు ముందల చలిల నిలబడి వాపస్ వచ్చినం, అమ్మ ముఖం చూసి మస్తు బాధైంది. లోపలికి పోంగనే గ్రూయెత్సి అనాలె, మనం నమస్తే అన్నట్టే, అది అనకుండ వేలు పెట్టి చూపిస్తే వాళ్లకు మంచిగనిపియ్యది.

శనాదివారాలు ఇంటింట్ల తినేది త్సోఫ్, జడ లెక్క అల్లిన రొట్టె, మామూలుగ రెండు పాయలతోనే అల్లుతరు. పైన నిగనిగ మెరుస్తది, తుంచితే లోపల దూది లెక్క పొరలు పొరలుగ విడిపోతది. మన బన్ను తీపి అలవాటున్నోళ్లకు మొదటి ముక్క సప్పగ అనిపిస్తది, వెన్న తేనె రాస్కోని తినన్నా, అప్పుడు తెలుస్తది. ఆరో తారీఖు వరకు వస్తే గ్రిట్టిబెంట్స్ చూడు, మనిషి బొమ్మ లెక్క చేసిన తీపి రొట్టె, ఎండుద్రాక్షలే కండ్లు, వాళ్ల సాంతా లాంటాయన సామిక్లౌస్ రోజు పిల్లలకు పెడతరు. జుగ్ చెర్రీ కేక్ మాత్రం నీకు వద్దు, అండ్ల కిర్ష్ అని చెర్రీ సారాయి పోస్తరు.

మిర్యాలగూడ అక్క:
తమ్ముడు చెప్పింది కరెక్టే గని గుడ్డు ముచ్చట వదిలేసిండు. ఆ మెరుపు గుడ్డు సొనదే, వదిన కోసం అడుగుతున్నరు గదా, పిండిల గుడ్డు వెయ్యకున్నా పైన మాత్రం పూస్తరు, గిప్ఫెలి అని నెలవంక లెక్క వెన్న రొట్టె ఉంటది, దానికి కూడ చాలాచోట్ల అంతే. మామూలు రొట్టె రూఖ్‌బ్రోట్ అడగండ్రి, మైదా కంటె నల్లగుంటది, గోధుమ పొట్టు కొంత అండ్లనే ఉంచుతరు, గట్టి పెచ్చు, గుడ్డు ఉండది.

త్సోఫ్ మీ భట్టిల చేసి చూడండ్రి. అర కిలో మైదాకు 60 గ్రాముల వెన్న, 3 డెసిలీటర్ల పాలు అంటే మన 300 మిల్లీ, తాజా ఈస్ట్ 20 గ్రాములు, ఉప్పు, అంతే. నేను గుడ్డుకు బదులు పాలు పూస్తా, అంత మెరవది గని ఇంట్ల అందరు తింటరు. వెన్న బదులు డాల్డా వేస్తె మాత్రం అది త్సోఫ్ కాదు, ఆ వాసనే రాదు.

దేవరకొండ పిలగాడు:
అన్నా నేను చదువుకునేటప్పుడు సెయింట్ గాలెన్ పక్కన ఒక ఫ్యామిలీ బేకరీల ట్రేలు కడిగే పని చేసిన. లోపల చూడాలంటే శనివారం అస్సలు పోవద్దు, ఆ రోజు వాళ్లకు ఊపిరి తీస్కునే టైం ఉండది. వారం మధ్యల పది దాటినంక పో, అంతకంటె ముందే మీ బిడ్డతోని జర్మన్ల ఫోన్ చేపియ్యి, మా నాయినది ఇండియాల బేకరీ అని చెప్తే చాలు. ఫోటో అడిగి తియ్యి.

రాత్రి రెండింటికి పని మొదలైతుండె. బ్యూర్లి అని గట్టి పెచ్చు రొట్టె ఉంటది, దాని పిండి ఎంత నీళ్లగుంటదంటే చేతికి అంటుకోని జారుతది, మొదట్ల నేను మైదా తక్కువైందనుకున్న. ఆ బేకరీ నడిపే ముసలాయన నవ్వి, కాల్చినంక రొట్టె తిప్పి కింద వేలుతోని కొట్టి నా చెవి దగ్గర పెట్టిండు, డొల్లగ మోగింది, అట్ల మోగితెనే ఉడికినట్టు. మీ నాయిన బొటనవేలు ముచ్చట చదువంగనే అదే యాదికొచ్చింది.

పిల్లల సంగతికి వస్తే, ఇక్కడ బేకరీ పని మూడేండ్ల అప్రెంటిస్ చదువు, పదిహేను పదహారేండ్లకు చేరుతరు, బేకరీల పని చేస్కుంట బడికి పోతరు, జీతం ఇస్తరు, చివర్ల పరీక్ష, సర్టిఫికెట్. అందుకే దానికి గౌరవం. అట్లని అందరి పిల్లలు ఉంటున్నరని కాదు, సూపర్ మార్కెట్లు వాళ్లే కాల్చి అమ్ముతున్నయి, నడిపేటోళ్లు దొరకక చిన్న బేకరీలు మస్తు మూతపడ్డయి. మా ముసలాయన కొడుకు బ్యాంకుల పని చేస్తుండె, బిడ్డ వచ్చి చేతిలకు తీస్కుంది.

పాలమూరు బేకరీ:
మస్తు థాంక్స్ అందరికి. ఆ బిడ్డ ముచ్చట మా ఇంటామెకు రెండుసార్లు చదివి వినిపించిన, పిలగాడు పక్క రూంల ఉండి విన్నడు. త్సోఫ్ నిన్న రాత్రి ఒక ట్రే కాల్చినం, జడ అల్లిక వంకరైంది గని నాయిన ఒత్తి చూసి ఇంకో ఐదు నిమిషాలు ఉంచాల్సుండె అన్నడు. ఆ బేకరీ వాళ్ల కోసం మా ఉస్మానియా బిస్కెట్లు రెండు కిలోలు తీస్కపోవచ్చా, ఆపుతరా?

నకిరేకల్ తమ్ముడు, జ్యూరిచ్:
బిస్కెట్లకు ఏం కాదన్నా. పాలకోవా, నెయ్యి, మటన్ పచ్చడి మాత్రం సూట్‌కేస్‌ల పెట్టకు, యూరప్ బయటి దేశాల నుంచి పాలవి, మాంసంవి తేవద్దని రూలు. వచ్చినంక నాకు ఒక మెసేజ్ పెట్టు, ఒక అర కిలో నాకు కూడ దాచు.