వాగు అవతలి పిల్లలకూ తరగతిలోని పిల్లలకూ ఒకే పాఠం: ఒక్క ఫోనుతో ఎలా చెప్పాలి?

ప్రశ్న: సిరోంచ తాలూకా (మహారాష్ట్ర), ఏడవ తరగతి ఉపాధ్యాయుడు

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికి కొంత దూరంలో ఉన్న ఒక మరాఠీ మాధ్యమ పాఠశాలలో నేను గణితం, విజ్ఞాన శాస్త్రం బోధిస్తున్నాను. తరగతిలో 34 మంది ఉండగా, వారిలో 9 మంది వాగుకు అవతలి గూడేల నుండి నడిచి వస్తారు. వాగు పొంగిందంటే రెండు రోజులైనా, వారమైనా ఆ 9 మందికి బడి ఉండదు. వారి ఇళ్లలో ఐదింట మాత్రమే స్మార్ట్‌ఫోన్లు ఉన్నాయి. ఆ ఫోన్లు కూడా పగలంతా తండ్రుల జేబుల్లోనే ఉంటాయి.

గత ఏడాది ఫోనును బల్ల మీద నిలబెట్టి, గూగుల్ మీట్‌లో అందరికీ ఒకేసారి పాఠం చెప్పే ప్రయత్నం చేశాను. నల్లబల్ల కనిపించడం లేదని, మాట తెగిపోతోందని ఇళ్లలోని పిల్లలు అన్నారు. ఎదుట కూర్చున్న పిల్లలేమో నేను వారిని వదిలేసి ఫోనుతో మాట్లాడుతున్నానని చిన్నబుచ్చుకున్నారు. మూడు రోజులకే ఆ పని మానేశాను. నా దగ్గర ఒక ఆండ్రాయిడ్ ఫోను, పాఠశాలలో ఒక పాత ల్యాప్‌టాప్, ఒక ప్రొజెక్టర్ ఉన్నాయి. ఇంతమాత్రం సరంజామాతో ఈ వానాకాలం గట్టెక్కే ఉపాయం ఏదైనా ఉందా? పుస్తకం మరాఠీలో ఉండగా చాలామంది పిల్లల ఇంటి భాష తెలుగు కావడం మరో చిక్కు.

సమాధానం: అహేరి, గణిత ఉపాధ్యాయురాలు

సార్, మీరు మానేసినది సరైన పనే. ఒక్క ఫోనుతో ఒకే సమయంలో రెండు తరగతులు నడపబోతే రెండూ చెడతాయి. పాఠం ఒకటే కావాలి గాని సమయం ఒకటే కానక్కరలేదు. నేను చేసే పద్ధతిని వివరంగా రాస్తున్నాను.

తరగతిలో చెప్పబోయే పాఠంలోని ముఖ్యమైన ఒక్క భావనను నాలుగైదు నిమిషాల వాయిస్ మెసేజ్‌గా వాట్సాప్‌లో పంపిస్తాను. వాట్సాప్ మాటను బాగా కుదించి పంపుతుంది కాబట్టి ఐదు నిమిషాల సందేశం ఇంచుమించు ఒక ఎంబీలో ఇమిడిపోతుంది. అంతే నిడివిగల వీడియో దానికి ఎన్నో రెట్లు డేటా తింటుంది. దానితోపాటు తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో చేసి చూపిన లెక్క ఫొటో ఒకటి, పిల్లలు చేయవలసిన ప్రశ్న ఒకటి పంపుతాను. మాట మొదట్లోనే పుట సంఖ్య చెప్పాలి. “పుస్తకం మూసి వినండి”, “ఇప్పుడు రెండవ బొమ్మ మీద వేలు పెట్టండి” అని పిల్లల చేతులకు పని చెబుతూ ఉండాలి. లేకపోతే అది రేడియో వార్తల్లా చెవి పక్కనుండి పోతుంది.

రికార్డింగ్‌కు ఫోను మైకు కన్నా ఇయర్‌ఫోన్ల తీగకు ఉండే చిన్న మైకు మేలు. మా బడిది రేకుల కప్పు కావడంతో వాన పడుతుండగా రికార్డు చేసిన పాఠమంతా పేలాలు వేగుతున్నట్టు వినిపించింది. అందుకే ఇప్పుడు తెల్లవారుజామున ఇంట్లోనే ఆ పని ముగించుకుంటున్నాను.

తండ్రులు ఇళ్లకు చేరాక, రాత్రి ఏడున్నరకు ఇరవై నిమిషాల పాటు గ్రూపు వాయిస్ కాల్ పెడతాను. అందులో కొత్త పాఠం చెప్పను, సందేహాలు మాత్రమే తీరుస్తాను. వాట్సాప్ కాల్‌లో 32 మంది వరకు చేరవచ్చు కాబట్టి మీ తొమ్మండుగురికి అది చాలు. మీట్ ఉచిత ఖాతాలో 60 నిమిషాలు, జూమ్‌లో 40 నిమిషాలు అనే పరిమితులను గురించి మనం బెంగపడవలసిన అవసరమే లేదు, ఎందుకంటే ఇరవై నిమిషాలు దాటితే పిల్లలకు నిద్ర వస్తుంది.

సమాధానం: బల్లార్షా, విజ్ఞాన శాస్త్ర ఉపాధ్యాయుడు

మేడం గారు చెప్పినది గణితానికి సరిపోతుంది. విజ్ఞాన శాస్త్రంలో చూపించవలసినవి ఉంటాయి కాబట్టి మీ ల్యాప్‌టాప్‌ను, ప్రొజెక్టర్‌ను అక్కడ వాడండి. నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ‘ఫెట్’ అనుకరణ ప్రయోగాలు ఉచితం. నెట్ ఉన్న చోట ఒకసారి దించుకుంటే, ఆ తరువాత నెట్ లేకుండానే బ్రౌజర్‌లో నడుస్తాయి. బ్యాటరీ, తీగ, బల్బు కలిపి విద్యుత్ వలయం కట్టే ప్రయోగంతో మొదలుపెట్టండి. కొన్ని ప్రయోగాలకు మరాఠీ, తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. జ్యామితికి జియోజీబ్రా అనే సాఫ్ట్‌వేర్ ఇలాగే పనికి వస్తుంది.

పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లను చాలామంది అలంకారంగానే వదిలేస్తున్నారు. 2017 సెప్టెంబరు 5న మొదలైన కేంద్ర ప్రభుత్వ దీక్షా యాప్‌తో వాటిని స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు వస్తాయి, వాటిని ఫోనులో దాచుకోవచ్చు కూడా. ముద్రణ చెదిరి కోడ్ పట్టకపోతే దాని కింద ఉండే ఆరు అక్షరాల సంకేతాన్ని యాప్‌లో టైపు చేసినా అదే పాఠం తెరుచుకుంటుంది. ఫోను లేకపోయినా టీవీ ఉన్న ఇళ్లకు 2020లో ప్రకటించిన పీఎం ఈ-విద్య ఛానెళ్లు ఉన్నాయి. అయితే వాటి వేగం మన పాఠం వేగంతో కలవదు కాబట్టి వాటిని పునశ్చరణకే ఉంచుకోండి.

సమాధానం: కిన్వట్, ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు

పై ఇద్దరి మాటలను గౌరవిస్తూనే ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. ప్రత్యక్ష తరగతిని పూర్తిగా వదిలేస్తే వాగు అవతలి పిల్లవాడికి తన స్నేహితుల గొంతు వారం రోజులు వినిపించదు, బడి మీద మమకారం పోయేది అక్కడే. వారానికి రెండుసార్లయినా పావుగంట సేపు అందరినీ కలపండి. గది గొంతు అవతలికి చేరకపోవడం వల్లనే మీ మొదటి ప్రయత్నం విఫలమైందని నా అభిప్రాయం. బొమ్మ మసకబారినా పిల్లలు సర్దుకుంటారు, మాట తెగితే మాత్రం వెళ్లిపోతారు. కాబట్టి కెమెరా కట్టేయండి, మీట్ అమరికల్లో డేటా వాడకాన్ని పరిమితం చేసే మీటను నొక్కండి, చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు వాడండి. గదిలో ఒక్క పరికరం మైకు మాత్రమే తెరిచి ఉండాలి, రెండవది తెరిస్తే చెవులు చిల్లులు పడేలా కూత పెడుతుంది. గదిలోని పిల్లవాడు ప్రశ్న అడిగితే దాన్ని మీరు మైకులో తిరిగి చెప్పిన తరువాతనే జవాబు ఇవ్వాలి. ఈ చివరి అలవాటు నాకు పట్టుబడడానికి నెల పట్టింది.

ఎవరికి ఎంత అర్థమైందో తెలుసుకోవడానికి తరగతిలో ప్లికర్స్ అనే యాప్ వాడుతున్నాను. ప్రతి పిల్లవాడికి ఒక నలుపు-తెలుపు బొమ్మ అట్ట ఇస్తాం. నాలుగు అంచులూ నాలుగు జవాబులకు గుర్తులు. సరైన జవాబు పైకి వచ్చేలా అట్టను పట్టుకుంటే, ఉపాధ్యాయుడు తన ఫోను కెమెరాను గది అంతా ఒకసారి తిప్పితే చాలు, ఎవరి జవాబు ఏమిటో తెర మీద కనిపిస్తుంది. పిల్లలకు ఫోన్లు అక్కరలేదు, మీ ఫోనుకు మాత్రం నెట్ కావాలి. అట్టలకు మెరిసే ల్యామినేషన్ చేయించకండి, వెలుతురు పడి కెమెరాకు బొమ్మ ఆనదు.

అడిగినవారి స్పందన: సిరోంచ

అందరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు మిగిలాయి. స్మార్ట్‌ఫోన్ లేని నాలుగు ఇళ్ల సంగతి ఏమిటి? భాష సంగతి ఏమిటి? నిన్న వాయిస్ మెసేజ్‌లో మరాఠీలో “సత్తేచాళీస్” (47) అని చెబితే ముగ్గురు 74 అని రాశారు.

సమాధానం: అహేరి, గణిత ఉపాధ్యాయురాలు

సార్, ఆ ముగ్గురి తప్పు వెనుక ఒక తర్కం ఉంది. తెలుగులో నలభై ముందు, ఏడు తరువాత. మరాఠీలో ఏడు ముందు, నలభై తరువాత. తెలుగు పిల్లవాడు ముందు విన్న అంకెను ముందు రాస్తాడు. 2019లో మహారాష్ట్ర రెండవ తరగతి గణిత పుస్తకంలో 21ని “ఏక్‌వీస్” (ఒకటి-ఇరవై) అనడానికి బదులు “వీస్ ఏక్” (ఇరవై ఒకటి) అనే పద్ధతిని తెచ్చినప్పుడు పెద్ద వివాదం నడిచింది. మన పిల్లలకు మాత్రం ఆ పద్ధతి ఇంటి మాటలాగే ఉంటుంది. నల్లబల్ల ఉన్నప్పుడు కంటికి కనబడుతుంది కాబట్టి ఈ తికమక దాగి ఉంటుంది, మాట ఒక్కటే మిగిలిన చోట బయటపడుతుంది. వాయిస్ పాఠంలో ప్రతి సంఖ్యను మరాఠీలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పి, ఆపై “నాలుగు, ఏడు” అని అంకెలను విడిగా పలకండి.

మాటల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. పరీక్షలో రాయవలసినది మరాఠీ పదమే కనుక దాన్ని తప్పించకూడదు, తెలుగుతో జత చేయాలి. అపూర్ణాంక్ అంటే భిన్నం, అంశ్ అంటే లవం, ఛేద్ అంటే హారం, లసావి అంటే కనిష్ఠ సామాన్య గుణిజం, మసావి అంటే గరిష్ఠ సామాన్య భాజకం. ఇవి వినగానే కొత్తగా ఉంటాయి కాబట్టి పిల్లలు అడుగుతారు. ప్రమాదమంతా తెలిసినట్టు వినిపించే మాటలతోనే. మరాఠీలో పరిమితి అంటే చుట్టుకొలత, మనకేమో హద్దు. విజ్ఞాన శాస్త్రంలో మరాఠీ క్షార్ అంటే లవణం, తెలుగు క్షారానికి మరాఠీ మాట ఆమ్లారీ. అనువాద యాప్‌లు సరిగ్గా ఇలాంటి చోట్లే తడబడతాయి కాబట్టి వాటిని నమ్మి పిల్లలకు పంపకండి. మహారాష్ట్ర పాఠ్యపుస్తకాలు ప్రచురించే బాలభారతి ఎనిమిది భాషలలో పుస్తకాలు తెస్తుంది, వాటిలో తెలుగు ఒకటి. వాటి పీడీఎఫ్‌లు సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. అక్కడి తెలుగు గణిత పుస్తకాన్ని మీ మరాఠీ పుస్తకం పక్కన పెట్టుకుంటే పదకోశం మీ చేతికే వస్తుంది.

సమాధానం: బల్లార్షా, విజ్ఞాన శాస్త్ర ఉపాధ్యాయుడు

స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్లకు మెమరీ చిప్ ఉపాయం ఉంది. పాటలు వినే మీటల ఫోను దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, అది ఎంపీ3ను పాడుతుంది. వాట్సాప్ వాయిస్ మెసేజ్ వేరే రూపంలో ఉండడం వల్ల ఆ ఫోన్లలో తెరుచుకోకపోవచ్చు. అందువల్ల ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రికార్డు చేసి, మోనోగా, 64 కేబీపీఎస్ వద్ద ఎంపీ3గా దాచండి. ఐదు నిమిషాల పాఠం రెండున్నర ఎంబీ లోపే ఉంటుంది. వానలకు ముందే ఒక్కొక్క చిప్‌లో పది పాఠాలు వేసి పంపితే వాగు పొంగినా పాఠం ఇంట్లోనే ఉంటుంది. ఫైళ్లకు పేర్లు పెట్టకుండా 01, 02 అని వరుస సంఖ్యలు ఇవ్వండి, మీటల ఫోన్లలో తెలుగు పేర్లు గళ్లుగా కనిపిస్తాయి.

సమాధానం: సిరోంచ పట్టణం, ఉపాధ్యాయురాలు

ఒక హెచ్చరిక. వాట్సాప్ గ్రూపులో చేరిన ప్రతి ఒక్కరి నంబరు మిగతావారందరికీ కనిపిస్తుంది. మా తరగతి గ్రూపు నుండి ఒక తల్లి నంబరు బయటకు పోయి ఆమె చాలా ఇబ్బంది పడింది. అప్పటి నుండి పాఠాలను బ్రాడ్‌కాస్ట్ జాబితా ద్వారా పంపుతున్నాను. 256 మంది వరకు పంపవచ్చు, ఒకరి నంబరు మరొకరికి తెలియదు. అయితే తల్లిదండ్రులు మీ నంబరును తమ ఫోనులో దాచుకుని ఉంటేనే సందేశం అందుతుంది కాబట్టి తల్లిదండ్రుల సమావేశంలో దగ్గరుండి దాచించండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి వివరాలు వాడడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. పిల్లల పేరు, ఫొటో, మార్కులు అడిగే యాప్‌లో వారిని చేర్చే ముందు సమ్మతి పత్రం తీసుకోండి. ప్లికర్స్‌లో పేర్లకు బదులు హాజరు సంఖ్యలు వేసినా పని నడుస్తుంది.

అడిగినవారి స్పందన: సిరోంచ, మూడు వారాల తరువాత

వాగు ఈ మధ్య రెండుసార్లు పొంగింది. వాయిస్ పాఠాలు ఐదు ఇళ్లకూ, చిప్‌లు నాలుగు ఇళ్లకూ చేరాయి. రాత్రి కాల్‌కు సగటున నలుగురు వస్తున్నారు. ఒకనాడు ఒక తాత ఫోను పట్టుకుని తానే భిన్నాల గురించి ప్రశ్న అడిగారు. కిన్వట్ సార్ చెప్పిన పావుగంట కలయికలో పాఠం సాగింది తక్కువ, పలకరింపులు సాగింది ఎక్కువ, అయినా దాన్ని ఆపదలచుకోలేదు. కొత్త సమస్య ఒకటి వచ్చింది: ఇంటిపని జవాబును ఒకరు చేస్తే మిగతావారు చూసి రాస్తున్నారు.

సమాధానం: అహేరి, గణిత ఉపాధ్యాయురాలు

ప్రశ్నలో హాజరు సంఖ్యను కలపండి సార్. “మీ హాజరు సంఖ్యకూ 12కూ లసావి కనుక్కోండి” అంటే ప్రతి పిల్లవాడి లెక్కా వేరుగా ఉంటుంది. జవాబుల పట్టికను మీరు ఒకసారి రాసుకుంటే దిద్దడం కూడా సులభమే.

అడిగినవారి స్పందన: సిరోంచ

మేడం, ఈ ఉదయమే పంపించాను. 12వ సంఖ్య పిల్లవాడు ఏ లెక్కా చేయకుండా జవాబు 12 అని పంపాడు. 17వ సంఖ్య అమ్మాయి తనకు 204 ఎందుకు వచ్చిందని, అతనికి అంత చిన్నది ఎందుకు వచ్చిందని అడుగుతోంది.

సమాధానం: అహేరి, గణిత ఉపాధ్యాయురాలు

రేపటి నుండి హాజరు సంఖ్యకు 40 కలిపి ఇవ్వండి సార్, అతనికి 52 వస్తుంది, జవాబు 156. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నను మాత్రం రాత్రి కాల్‌లో అందరి ముందూ పెట్టండి, 17 ప్రధాన సంఖ్య అన్న మాట ఆమె నోటి నుండే రానివ్వండి.