నెలలు నిండని కాన్పు: మేనరికం తప్పా, పుట్టింటి వారసత్వమా?

చంద్రగిరి_ఆశా: మేనమామను చేసుకున్న అమ్మాయికి 33వ వారంలోనే కాన్పయింది. ఊరంతా మేనరికం మీదికే తోస్తోంది. ఆమె చెల్లెలికిప్పుడు మూడో నెల. బయటి సంబంధమే కాబట్టి భయం లేదంటున్నారు. సరేనా?

జన్యువులు_తిరుపతి: సరికాదమ్మా. చెల్లెలి విషయంలో చూడాల్సింది అక్క కాన్పు, భర్తతో చుట్టరికం కాదు. స్వీడన్‌లో లక్షల కుటుంబాలను చూసి 2009లో వేసిన లెక్క ప్రకారం, అక్కచెల్లెళ్లలో ఒకరికి ముందుగా కాన్పయితే మరొకరికి ముప్పు సుమారు 1.8 రెట్లు. అన్నదమ్ముల పిల్లల్లో ఆ పెరుగుదల కనబడలేదు. అంటే తల్లి జన్యువులదే పెద్ద పాత్ర, బిడ్డ జన్యువులది చిన్నది.

పలమనేరు_పిల్లల_డాక్టర్: మేనరికాన్ని అంత తేలిగ్గా వదలొద్దు సార్. మేనమామ, మేనకోడలి బిడ్డకు ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. బావామరదళ్ల బిడ్డకు పదహారింట ఒకటి.

జన్యువులు_తిరుపతి: ఆ లెక్క పుట్టుకతో వచ్చే జబ్బులకు వర్తిస్తుంది, ఆ భయం న్యాయమైనదే. గర్భం ఎన్ని వారాలు నిలుస్తుందనేది మాత్రం ఒక్క జన్యువు చేతిలో లేదు. 2017లో 43 వేలకు పైగా తల్లులను పరిశీలిస్తే ఈబీఎఫ్1, ఈఈఎఫ్‌సెక్, ఏజీటీఆర్2 లాంటి జన్యువులు కొన్ని తేలాయి. ఒక్కోదాని ప్రభావం స్వల్పం, పైగా వాళ్లంతా ఐరోపా సంతతివాళ్లు. కాబట్టి జన్యు పరీక్షకు డబ్బు తగలేయించకండి. మేనరికం పెళ్లిళ్లలో చిన్న వయసు, రక్తహీనత, కాన్పుల మధ్య ఎడం లేకపోవడం కూడా కలిసుంటాయి. వాటిని విడదీయకుండా నింద వేయలేం.

లేబర్‌రూమ్_సిస్టర్: ముందు రెండు సంగతులు కనుక్కో. అక్కకు నొప్పులు వాటంతటవే వచ్చాయా, బీపీ పెరిగి డాక్టర్లే కాన్పు చేశారా? ఆ 33 వారాలు ఏ స్కాన్ లెక్క? చివరి నెలల్లో తీసిన స్కాన్‌లో రెండు మూడు వారాల తేడా రావచ్చు.

చంద్రగిరి_ఆశా: నొప్పులొచ్చే అయింది అక్కా. మూడో నెల స్కాన్ ఉంది.

లేబర్‌రూమ్_సిస్టర్: అయితే చెల్లెలికి ఇప్పుడే ఎన్ని వారాలో తేల్చే తేదీల స్కాన్, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూసే యూరిన్ కల్చర్, హిమోగ్లోబిన్ చేయించు. 18 వారాలు దాటగానే గర్భాశయ ముఖద్వారం పొడవును యోని ద్వారా చేసే లోపలి స్కాన్‌తో కొలవాలి. మూత్రం పోసి వచ్చాకే పడుకోబెట్టమను, మూత్ర సంచి నిండుంటే ముఖద్వారం పొడవుగా కనిపించి మోసపోతాం. 25 మిల్లీమీటర్లలోపు ఉంటే రాత్రిపూట యోనిలో పెట్టుకునే ప్రొజెస్టెరాన్ (గర్భం నిలవడానికి తోడ్పడే హార్మోన్) 200 ఎంజీ మొదలుపెట్టాలా అని డాక్టర్ చూస్తారు. 34 వారాల్లోపు నొప్పులొస్తే డెక్సామెథసోన్ 6 ఎంజీ, 12 గంటలకొకటి చొప్పున నాలుగు ఇంజెక్షన్లు బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇస్తారు. ఉమ్మనీరు కారినా, పొట్ట పదేపదే బిగుసుకున్నా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయించు, నవజాత శిశువుల ఐసీయూ ఉన్న ఆసుపత్రికే పంపించు.