ఇద్దరు పోతారు, ఎదురుగా ఒక్కడే, అయినా గోల్ పడదు: టూ ఆన్ వన్ ఎలా నేర్పాలి?

అనంత_హాకీ:
అందరికీ నమస్తే. అనంతపురం దగ్గర ఒక ఊళ్లో, డ్యూటీ అయ్యాక సాయంత్రాలు పిల్లలకు హాకీ నేర్పిస్తున్నా. పదహారు మంది, అందరికీ 15, 16 ఏళ్లు. టర్ఫ్ లేదు, గరుసు నేల. మొన్న ఆదివారం పక్క ఊరి టీమ్‌తో మ్యాచ్‌లో, మావాళ్లు బాల్ లాక్కుని ఇద్దరు పరిగెత్తితే ఎదురుగా ఒక్క బ్యాక్, వెనకాల గోలీ, ఇంకెవరూ లేరు. ఇలాంటి చాన్సు ఐదుసార్లు వచ్చింది, ఒక్కటీ గోల్ కాలేదు. ఒకసారి బాల్ ఉన్నోడు చివరిదాకా వదలకుండా పోయి డిఫెండర్ స్టిక్‌కే అప్పజెప్పాడు. ఇంకోసారి మరీ ముందే పాస్ ఇచ్చేశాడు, ఆ డిఫెండర్ నింపాదిగా అటు జరిగాడు, కథ మళ్లీ మొదటికొచ్చింది. ప్రాక్టీసులో మాత్రం పదికి ఏడు కొడతారు! మధ్య గీత దగ్గర ఇద్దరిని, డీ (గోల్ ముందు అర్ధవృత్తంలా గీసే షూటింగ్ గీత) ముందు ఒక డిఫెండర్‌ని నిలబెట్టి విజిల్ వేస్తా. తప్పెక్కడుందో చెప్పండి సామీ.

కడప_పీఈటీ:
తప్పు ఆ విజిల్ దగ్గరే ఉంది. మ్యాచ్‌లో ఎవరు విజిల్ వేసి పొమ్మంటారు? బాల్ ఎక్కడో గుంపులో దొరుకుతుంది, దొరికినోడి మొహం వేరే వైపు ఉంటుంది, వెనక ఇద్దరు ముగ్గురు తరుముతుంటారు. మీ ప్రాక్టీసులో తరిమేవాడే లేడు, అందుకే మీ పిల్లలు తీరిగ్గా ఆడుకుంటున్నారు. ఇట్ల చేయండి: మధ్య గీత అవతల ముగ్గురికి ముగ్గురిని పెట్టి చిన్న చోట్లో ఆడించండి. బాల్ లాక్కున్న జట్టు నుంచి ఇద్దరు వెంటనే గోల్ వైపు పోవాలి, పోగొట్టుకున్న జట్టులో ఒకడు ఐదు మీటర్లు వెనక నుంచి తరమాలి. మధ్య గీత నుంచి డీ పైభాగం సుమారు 31 మీటర్లు. 8 సెకన్లు పెట్టండి. మ్యాచ్ సమమైతే పెట్టే షూటౌట్‌లో 23 మీటర్ల గీత నుంచి ఒక్కడే పోవడానికి ఇచ్చేది కూడా అంతే టైము. మొదట్లో గోల్స్ తగ్గిపోతాయి, కంగారు పడొద్దు.

కర్నూలు_ఫుల్‌బ్యాక్:
అన్నా, నేను ఎనిమిదేళ్లు బ్యాక్ ఆడాను, అటువైపు నుంచి చెప్తా. ఇద్దరు వస్తుంటే నేను బాల్ కోసం పోను. వెనక్కి జరుగుతూ, స్టిక్ నేల మీద పరిచి పాస్ దారి మూసి, బాల్ ఉన్న అమ్మాయి వేగం తగ్గేదాకా కాలం గడుపుతా. ఆమె ఒక్క క్షణం ఆలోచించిందంటే మా వాళ్లు ఒకరో ఇద్దరో వెనక్కి వచ్చేస్తారు. నాకు నిజంగా టెన్షన్ పుట్టించేది, వేగం తగ్గించకుండా నేరుగా నా ఎడమ కాలి మీదికి వచ్చేవాళ్లు. ఫోర్‌హ్యాండ్ నాకు కుడివైపు, ఎడమవైపు రివర్స్ స్టిక్‌తో, అంటే స్టిక్ తిరగేసి అందుకోవాలి, అక్కడ బలం సగం కూడా ఉండదు. అప్పుడు నేను ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. పాస్ ఇవ్వాల్సింది సరిగ్గా అప్పుడే. ఎంత దూరంలో అని లెక్కలు చెప్పకండి పిల్లలకు, డిఫెండర్ బరువు ముందు కాలి మీద పడిందా, స్టిక్ బాల్ వైపు కదిలిందా, అది చూడమనండి.

ఇంకోటి, ఎడమవైపుకి పుష్ చేయడం తేలిక, కుడివైపుకి ఇవ్వాలంటే ఒళ్లు తిప్పాలి, ఆ తిప్పడంలోనే నాకు ముందే తెలిసిపోతుంది. కుడివైపు పాస్ విడిగా ప్రాక్టీసు చేయించండి.

ప్రొద్దుటూరు_టు_టొరంటో:
మా వాడు ఇక్కడ ఐస్ హాకీ ఆడతాడు, వీళ్లు దీన్ని ఆడ్ మ్యాన్ రష్ అంటారు. కోచ్‌లు దీని మీదే గంటలు గంటలు కూర్చుంటారు. గోలీ షాట్ చూసుకుంటాడు, డిఫెండర్ పాస్ ఆపుతాడు, పనులు అలా పంచుకుంటారు. అందుకే బాల్, అదే ఇక్కడ పక్ అనే రబ్బరు బిళ్ల, ఉన్నోడు నిజంగా కొట్టేలా కనపడాలి, లేకపోతే గోలీ కదలడు. దారి మూసుకుపోతే గోలీ అవతలి ప్యాడ్‌కి కింద నుంచి కొడతారు, అది తిరిగి రెండోవాడి దగ్గరకు వస్తుంది.

అయితే అన్నీ అక్కడ పనికి రావు. ఇక్కడ అవతలి జట్టు భాగం మొదలయ్యే బ్లూ లైన్ దాటేటప్పుడు పక్ ముందు పోవాలి, రెండోవాడు తొందరపడితే ఆఫ్‌సైడ్. ఫీల్డ్ హాకీలో 1990ల్లోనే ఆఫ్‌సైడ్ తీసేశారు, కాబట్టి మీ రెండోవాడు డిఫెండర్‌ని దాటిపోయి దూరపు పోస్ట్ దగ్గర నిలబడొచ్చు. పైగా ఇక్కడి గోల్ వెడల్పు 6 అడుగులు, అక్కడ 12. ఒక్క అడ్డం పాస్ పడితే మీ గోలీ ఎంత దూరం దూకాలో చూడండి.

గుత్తి_రోడ్డు:
అనంతపురంలో ఐస్ హాకీయా 😄 మే నెలలో మాకు ఐస్ గోళానే చేతికొచ్చేలోపు కరిగిపోతుంది.

అనంత_హాకీ:
రెండు సాయంత్రాలు చేయించా. తరిమేవాడిని పెట్టగానే పదికి ఏడు కాస్తా రెండుకు పడింది, పిల్లలు మొహాలు మాడ్చుకున్నారు. ఎడమ కాలి సంగతి మాత్రం వెంటనే పట్టేశారు. రెండో రోజు నాలుగు పడ్డాయి. ఇప్పుడొక కొత్త తలనొప్పి: రెండోవాడు బాల్ ఉన్నోడిని అంటుకునే పరిగెత్తుతున్నాడు, డిఫెండర్ ఒక్కడే ఇద్దరికీ సరిపోతున్నాడు. ఎంత అరిచినా వినరు.

కర్నూలు_ఫుల్‌బ్యాక్:
అరవకండి అన్నా, సున్నంతో రెండు బాటలు గీయండి, మధ్యలో ఏడెనిమిది మీటర్లు వదలండి. టర్ఫ్ అయితే పది చెప్పేదాన్ని, గరుసు నేల మీద అంత దూరం పాస్ ఎగురుతుంది. డీ దాకా ఎవరి బాటలో వాళ్లు, డీలోకి వచ్చాకే రెండోవాడు లోపలికి కోసుకు రావాలి.

అనంత_హాకీ:
సరేమ్మా, రేపు సున్నం తెస్తా. ఆ కుడివైపు పాస్‌కి ఏమైనా చిట్కా ఉంటే అది కూడా చెప్పు, మావాళ్లకు అది అస్సలు రావట్లేదు.